ఇల్లు నాది, నేల మనది

అక్కలకు, అన్నలకు, పెద్దలకు నమస్కారం. ఆదివారం పొద్దున ఇంట్లో పని పక్కన పెట్టి వచ్చారు. ముందు వరుసల్లో పొదుపు సంఘాల అక్కలున్నారు. వెనక వరుసల్లో ఫ్లాట్ కోసం నాలుగైదేళ్లుగా తిరుగుతున్న ఉద్యోగస్తులున్నారు. ఈ ఇద్దరూ ఒకే హాల్లో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. మీ ఇద్దరి బాధా ఒక్క చోటే మొదలవుతోందని నా నమ్మకం. అందుకే ఇద్దర్నీ పిలవండని పట్టుబట్టాను.

నేను సివిల్ ఇంజినీర్‌ని. ఇరవై ఏళ్లకు పైగా ఇళ్లు కట్టిస్తున్నాను. అయినా ఈ రోజు సిమెంటు, ఇనుము గురించి పెద్దగా మాట్లాడను. మా అమ్మ ఇంటి సంగతి చెప్తాను.

మా అమ్మ బీడీలు చుట్టేది. మాది బస్తీ. 1967లో మన హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌లో యూసీడీ అని ఒక పని మొదలైంది. అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్. ఇక్కడున్న పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ ఉద్యోగులు బస్తీకి వచ్చి ముందు ఆడవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లు. బాల్వాడీ కావాలా, నల్లా కావాలా, కుట్టుమిషన్ల సెంటర్ కావాలా అని అడిగేవాళ్లు. కొన్నేళ్లకు అదే పని ఇళ్ల దాకా వచ్చింది. బస్తీ వాళ్లకు పట్టాలిచ్చారు, బ్యాంకుల నుంచి లోన్లు ఇప్పించారు. ఇల్లు మాత్రం ఎవరిది వాళ్లే కట్టుకోవాలి. మా ఇల్లు అలా లేచింది. అరవై గజాల్లో రెండు గదులు. పక్కింటి మేస్త్రీ గోడలు లేపితే మా అమ్మ, ఇంకో ముగ్గురు అక్కలు ఇటుకలు మోశారు. వాళ్ల ఇళ్లకు మా అమ్మ మోసింది. స్లాబ్ పడిన రాత్రి గల్లీలో ఎవరూ పడుకోలేదు. అందరూ మా ఇంటి ముందే కూర్చున్నారు.

ఆ ఇల్లు మా చేతిలో పదిహేనేళ్లు కూడా లేదు. అక్క పెళ్లి కుదిరింది. చేతిలో డబ్బు లేదు, ఉన్నది ఇల్లొక్కటే. అది అమ్మకూడదని పట్టా కాగితం మీద రాసే ఉంది. అయినా రిజిస్ట్రేషన్ లేకుండా, నోటరీ కాగితం మీద అమ్మేశాం. ఇక్కడ ఎంతమంది ఇళ్లు నోటరీ మీద ఉన్నాయో నాకు తెలుసు, చేతులెత్తమని అడగను. కొన్నాయన పక్కవి ఇంకో రెండు ఇళ్లు కూడా కలిపి నాలుగంతస్తులు వేసుకున్నాడు. పెళ్లి ఖర్చు పోగా మిగిలింది అడ్వాన్స్‌కి సరిపోయింది. మేం కిరాయి ఇంటికి వెళ్లాం. మా అమ్మ చనిపోయేదాకా కిరాయి ఇళ్లలోనే ఉంది.

ఇందులో మా అమ్మ తప్పేముంది? ఆపద వస్తే ఉన్నది అమ్ముకుంటాం. కానీ ఆ రోజు పోయింది మా ఇల్లొక్కటే కాదు. మా బస్తీలో ఒక పేద కుటుంబం ఉండగలిగే చోటు ఒకటి శాశ్వతంగా తగ్గిపోయింది. ఆ తర్వాత ఒక్కో ఇల్లే అలా పోయింది. ప్రభుత్వం పట్టా ఇచ్చింది, బ్యాంకు లోన్ ఇచ్చింది, జనం చెమటోడ్చారు. ఇంత జరిగాక ఆ నేల మళ్లీ బజారు ధరకే చేరింది. నేను ఇంజినీరింగ్ చదివినప్పటి నుంచీ దీని గురించే ఆలోచిస్తున్నాను.

ఒక చిన్న లెక్క చూద్దాం. పలక మీద వేసినట్టు సులువుగా వేస్తాను. నగరం అంచున 600 గజాల ప్లాటు ఉందనుకోండి. గజం 60 వేలు అనుకుందాం. నేలకే 3 కోట్ల 60 లక్షలు. దాని మీద అయిదంతస్తులు, అంతస్తుకు నాలుగు చొప్పున ఇరవై ఇళ్లు. ఒక్కో ఇల్లు 700 చదరపు అడుగులు. ఒక్కో ఇంటికి నేల ఖర్చు 18 లక్షలు. కట్టడానికి అడుగుకు 2,000 వేసుకుంటే 14 లక్షలు. చూశారా, ఇంటి కంటే కింది నేలే ఖరీదు. ఇంకాస్త లోపలికి, గజం లక్ష ఉన్న చోటుకు రండి. కట్టే ఖర్చు అదే 14 లక్షలు. నేల మాత్రం 30 లక్షలైపోయింది. బిల్డర్ లాభం, వడ్డీ, ప్రకటనల ఖర్చు ఇంకా కలపనే లేదు.

అంటే మనం ఇటుకకు పడే అప్పు చిన్నది. మట్టికి పడే అప్పే పెద్దది. ఇరవై ఏళ్ల ఈఎంఐలో సగం పైన మట్టికే పోతుంది. నేల భారం దించకుండా, ఇటుక చవక చేస్తాం, కొత్త టెక్నాలజీ తెస్తాం అంటే నేను నమ్మను. నా వృత్తి అదే అయినా సరే చెప్తున్నాను.

మరి నేల భారం ఎలా దిగుతుంది? దీనికి జవాబు ఒకటి మన పక్కనే పుట్టింది. 1951 ఏప్రిల్‌లో మన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. వినోబా భావే వార్ధా దగ్గరి ఆశ్రమం నుంచి నడిచి వచ్చారు. సమ్మేళనం అయ్యాక తెలంగాణ పల్లెల్లో నడుస్తూ ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. అక్కడ నలభై దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలుంటే బతుకుతామన్నాయి. నలభై తరి, నలభై మెట్ట. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. భూదానం అలా మొదలైంది. ఇది మనందరికీ బడిలో చెప్పిన పాఠమే.

బడిలో చెప్పని భాగం ఒకటుంది. దానం చేసిన భూమి ఒక్కొక్కరి చేతికి వెళితే అప్పుకో, ఆపదకో మళ్లీ జారిపోతుందని ఆ ఉద్యమంలో ఉన్నవాళ్లు గమనించారు. మా అమ్మ ఇల్లు జారినట్టే. అందుకే తర్వాత గ్రామదానం వైపు నడిచారు. నేల ఊరి ఉమ్మడి, సాగు చేసుకునే హక్కు కుటుంబానిది. ఈ ఆలోచన అమెరికాలో రాబర్ట్ స్వాన్ అనే శాంతి కార్యకర్త లాంటి వాళ్లను కదిలించింది. 1969లో జార్జియా రాష్ట్రంలో, పౌరహక్కుల పోరాటంలో నుంచి వచ్చిన నల్లజాతి రైతులు న్యూ కమ్యూనిటీస్ అనే సంస్థ పెట్టి నేలను ఉమ్మడిగా పట్టుకున్నారు. అక్కడ దాన్ని కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్ట్ అన్నారు. అప్పులు, కరువు మీద పడి 1985లో ఆ నేల వాళ్ల చేయి జారింది. ఆ బాధ కూడా చెప్పుకోవాలి. కానీ పద్ధతి మాత్రం చావలేదు. అంతకు ఏడాది ముందే, 1984లో, అమెరికాలోనే బర్లింగ్టన్ అనే ఊళ్లో అదే పద్ధతిని ఇళ్లకు పెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది.

అక్కడ ఎలాగంటే, నేల ట్రస్ట్‌ది. ఇల్లు మనది. నేలకు దీర్ఘకాలం లీజు. ఇల్లు అమ్ముకోవచ్చు, కానీ బజారు ధరకు కాదు. మనం పెట్టిన డబ్బు మనకు తిరిగొస్తుంది, పెరిగిన విలువలో నాలుగో వంతు వస్తుంది. మిగతా మూడు వంతుల విలువ ఇంటిలోనే ఉండిపోతుంది కాబట్టి తర్వాత వచ్చే కుటుంబానికీ ఇల్లు అందుబాటు ధరకే దొరుకుతుంది. పోచంపల్లి నుంచి బయల్దేరిన గింజ అంత దూరం వెళ్లి మొలిచింది. మన ఊరికి యాభై కిలోమీటర్లు రాలేకపోయిందా అని నాకు ఒక్కోసారి కడుపు రగులుతుంది.

మీలో కొందరికి ఇప్పుడు ఒక అనుమానం రావాలి. ఈ పద్ధతి ఆ రోజుల్లో ఉండి ఉంటే మా అక్క పెళ్లి ఎలా జరిగేది? నిజమే, నాలుగో వంతుతో పెళ్లి జరగదు. అందుకే ఇంటికంటే ముందు పొదుపు సంఘం గట్టిగా ఉండాలని నేను మొత్తుకుంటాను. పెళ్లికి, ఆస్పత్రికి, చావుకు సంఘం అప్పివ్వగలగాలి. ఆపదకు వేరే దారి ఉన్నప్పుడే ఇల్లు నిలుస్తుంది. ఈ పని ఇక్కడున్న అక్కలకు నేను నేర్పక్కర్లేదు. నెలనెలా పుస్తకం రాసి, బాకీ పడ్డవాళ్ల ఇంటికి వెళ్లి కూర్చుని వసూలు చేసే చేతులివి. ఉద్యోగస్తులకు మాత్రం ఈ అలవాటు లేదు, వీళ్ల దగ్గర నేర్చుకోవాలి.

సొసైటీలు మన ఊరికి కొత్తా? కావు. జూబ్లీహిల్స్ ఒక కోఆపరేటివ్ హౌస్ బిల్డింగ్ సొసైటీగానే మొదలైంది. హైదరాబాద్‌లో సొసైటీల పేరు మీద లేచిన కాలనీలకు లెక్కలేదు. కానీ మన సొసైటీలు చాలావరకు చేసింది ఏమిటంటే, నేల తీసుకుని, ప్లాట్లు కొట్టి, సభ్యుల పేర రిజిస్టర్ చేసి చేతులు దులుపుకోవడం. ప్లాటు చేతికొచ్చిన రోజే సహకారం అయిపోయింది. ఇప్పుడు నేను అడుగుతున్నది సొసైటీ ఆ రోజుతో ముగిసిపోకుండా, నేలను తన పేరునే ఉంచుకోవాలని.

సరే, కూలి జనం నిజంగా ఇంత పెద్ద పని చేయగలరా? మహారాష్ట్రలోని షోలాపూర్ వెళ్లి చూడండి. మన పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ నుంచి మగ్గాల పనికి వలస వెళ్లిన పద్మశాలీల ఊరది. మగవాళ్లు మరమగ్గాల మీద, ఆడవాళ్లు బీడీల మీద. ఆ బీడీ అక్కలు నరసయ్య ఆడం అనే కార్మిక నాయకుడితో కలిసి సొసైటీ పెట్టుకుని ఏళ్ల తరబడి కొట్లాడారు. 2006లో కుంభారి దగ్గర పది వేల ఇళ్లు చేతికొచ్చాయి. ఒక్కో ఇంటికి అప్పట్లో 60 వేలు. కేంద్రం ఇరవై, రాష్ట్రం ఇరవై, కార్మికురాలు ఇరవై. అక్కడితో ఆగారా? లేదు. అసంఘటిత కార్మికుల కోసం రేనగర్ అని ముప్పై వేల ఇళ్ల పని పెట్టుకున్నారు. 2024 జనవరిలో అందులో పదిహేను వేలు అప్పగించారు. మా అమ్మలాంటి వాళ్లు, మన భాష మాట్లాడేవాళ్లు చేశారు ఇది. చదువు, పలుకుబడి ఉన్నవాళ్లే చేయగలరనే మాట ఇక నా ముందు అనకండి.

ఇప్పుడు వెనక వరుసల వాళ్ల కోసం నా సొంత అనుభవం ఒకటి. 2012లో మేం పద్నాలుగు కుటుంబాలం, అందరం స్నేహితులం, బిల్డర్ లేకుండా కట్టుకుందామని బోడుప్పల్ వైపు ఎనిమిది వందల గజాలు కొన్నాం. అందరూ సెలవు పెట్టి రిజిస్ట్రేషన్‌కు రాలేరని ఇద్దరి పేర రాయించాం. ఇద్దరూ మచ్చలేని మనుషులు. రెండేళ్లకు అందులో ఒకాయన గుండెపోటుతో పోయాడు. ఆయన పిల్లలకు ఈ ఒప్పందం సంగతే తెలియదు. వాళ్లకు కనిపించింది నాన్న పేర ఉన్న దస్తావేజు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద మేం రాసుకున్న ఒప్పందం కోర్టులో నిలబడటానికే అవస్థ పడింది. అయిదేళ్లు తిరిగి, చివరికి నేల అమ్మి ఎవరి డబ్బు వాళ్లం తీసుకున్నాం. మధ్యలో ఎన్ని స్నేహాలు పోయాయో! ఆ టెన్షన్‌లో నాకు నిద్రపట్టని రాత్రులు చాలా ఉన్నాయి.

కాబట్టి నేల చూడకముందే సొసైటీ. దీనికి మనకు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉంది. ప్రభుత్వ వాటా లేకుండా, సభ్యులే బైలాస్, అంటే సంఘం నియమాలు, రాసుకుని, సభ్యులే బోర్డును ఎన్నుకుని నడుపుకోవచ్చు. ఎవరైనా మధ్యలో వెళ్లిపోతే డబ్బు ఎన్ని రోజుల్లో, ఎంత ఇవ్వాలి, చనిపోతే వాటా ఎవరికి, నెల చందా మూడుసార్లు తప్పితే ఏం చేయాలి, ఇవన్నీ మొదటి నెలలోనే రాసుకోవాలి. ఇంకోటి, మనది మనమే కట్టుకుంటున్నాం కదా అని రెరా, అంటే కొనేవాళ్లను కాపాడే రియల్ ఎస్టేట్ చట్టం, మనకు వర్తించదనుకోకండి. 2016 చట్టం సభ్యుల కోసం కట్టే గృహ సహకార సంఘాన్ని కూడా ప్రమోటర్ కిందే, అంటే బిల్డర్‌లాగే చూస్తుంది. ఎనిమిది ఇళ్లు దాటినా, 500 చదరపు మీటర్లు దాటినా రిజిస్ట్రేషన్ సంగతి చూసుకోవాల్సిందే. దాన్ని భారం అనుకోకండి. ప్రీలాంచ్ పేరుతో, అనుమతి కాగితం కూడా లేని చోట డబ్బు కట్టి ఏడ్చిన కుటుంబాలు ఈ హాల్లోనే ఉన్నాయి. ఆ చట్టం అలాంటి వాళ్ల కోసమే వచ్చింది.

కలిసి కట్టుకోవడం ఒక ఎత్తు. కలిసి ఉండటం ఇంకో ఎత్తు. డెన్మార్క్‌లో 1972లో ఇరవై ఏడు ఇళ్లతో ఒక కోహౌసింగ్ మొదలైంది. ఎవరి ఇల్లు వాళ్లకు ఉంటుంది, వంటగదితో సహా. మధ్యలో అందరిదీ ఒక ఇల్లు. అక్కడ వంతులవారీగా వండి కలిసి తింటారు. ఇది వినగానే మనవాళ్లు విదేశీ ముచ్చట అంటారు. మా బస్తీలో బోరింగ్ దగ్గర, బతుకమ్మ ఆడే చోట, పాతబస్తీ దేవిడీల మధ్య వాకిళ్లలో జరిగింది ఇదే. అపార్ట్‌మెంట్లకు మారేటప్పుడు మనం వదిలేసుకున్నాం. వాకిలి పోయి సెల్లార్ పార్కింగ్ వచ్చింది.

స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో కాల్క్‌బ్రైటె అని ఒక సహకార సంఘం ఉంది. 2014లో ట్రాముల డిపో మీద ఇళ్లు కట్టుకుంది. కింద ట్రాములు ఆగుతాయి, పైన మనుషులుంటారు. నేల నగరానిది, సంఘానికి లీజు. అక్కడ ఉండేవాళ్లు సొంత కారు ఉంచుకోబోమని ఒప్పుకుంటారు. మన ఆర్టీసీ డిపోలు చూసినప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది. బస్సు మెట్ల దగ్గరే ఇల్లుంటే బండి కొనే ఖర్చు తప్పుతుంది, పార్కింగ్‌కు పోసే కాంక్రీటు తప్పుతుంది. ఆ చోట అంగన్‌వాడీ పెట్టుకోవచ్చు, ముసలివాళ్లు కూర్చునే అరుగు వేసుకోవచ్చు.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. కలిసి ఉండటం అంటే మనవాళ్లే కలిసి ఉండటం అని చాలామంది లోపల అనుకుంటున్నారు. కిరాయి ఇల్లు అడిగితే ముందు కులం అడుగుతారు, తర్వాత ఏం తింటారని అడుగుతారు, పేరు వినగానే ఖాళీ లేదంటారు. నేను ఈ ఊళ్లోనే పుట్టి పెరిగాను, ఇవన్నీ నాకు ఎదురయ్యాయి. మనం పెట్టుకునే సంఘం బైలాస్‌లో కులం, మతం, తిండి సభ్యత్వానికి అడ్డు కాదని మొదటి పేజీలో రాయకపోతే నేను అందులో పని చేయను. ఉమ్మడి వంటగది విషయంలో పేచీలు వస్తాయి, వస్తాయని తెలిసే కూర్చుందాం. రెండు పొయ్యిలు, రెండు గిన్నెల వరసలు పెట్టుకుంటే తీరే పేచీలే ఎక్కువ.

ప్రభుత్వం కట్టిన ఇళ్ల సంగతి అడుగుతారని తెలుసు. సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో 2015లో 396 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ఇచ్చారు. పాత బస్తీ ఉన్న చోటే కట్టారు. ఆ మనుషులు ఆ పనులకు, ఆ బడులకు, ఆ దుకాణాలకు దగ్గరే ఉన్నారు. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర కొల్లూరులో 15,660 ఇళ్లు ప్రారంభించారు. గట్టి కట్టడాలు, ఇంజినీర్‌గా నాకు అందులో వంక లేదు. కానీ నగరంలో ఎవరికి ఏ ఇల్లు అనేది డ్రాలో తేలింది. పదేళ్లు పక్కపక్కన బతికినవాళ్లు ఒకరు ఇటు, ఒకరు అటు పడ్డారు. నాలుగిళ్లలో పాచిపని చేసే అక్క తెల్లారి ఆరింటికి పనిలో ఉండాలి. అంత దూరం నుంచి ఏ బస్సులో వస్తుంది? తొమ్మిది, పది అంతస్తుల ఇంట్లో లిఫ్ట్ ఆగితే ఎవరు బాగు చేయించాలి, డబ్బు ఎవరు వేయాలి? ముందు నుంచీ కలిసి పొదుపు చేసిన ఇరవై కుటుంబాలకు ఈ ప్రశ్న పెద్దది కాదు. డ్రాలో కలిసిన ఇరవై కుటుంబాలకు చాలా పెద్దది. కాబట్టి మనం ప్రభుత్వాన్ని అడగాల్సింది నేల. పనికి దగ్గర్లో, సంఘం పేరు మీద, 99 ఏళ్ల లీజుకు. కట్టే బాధ్యత మనం తీసుకుందాం.

మూడో వరుసలో అక్క చేయెత్తారు. చెప్పండక్కా... అక్క అంటున్నది, కిరాయి పోగా నెలకు అయిదు వందలు పక్కన పెట్టడమే గగనం, మాలాంటివాళ్లకు వాటా ఎక్కడిదని. చాలా సరైన ప్రశ్న. ఉరుగ్వే అనే చిన్న దేశంలో 1968లో ఇళ్ల చట్టం వచ్చింది. అక్కడ పరస్పర శ్రమతో కట్టే సహకార సంఘాల్లో ఒక్కో కుటుంబం వారానికి 21 గంటల పని ఇస్తుంది. ఆ పనే వాటా కింద లెక్క. మన ఊళ్లలో నాట్లప్పుడు బదులు పని చేసుకోలేదా? అదే. మేస్త్రీలు, సెంట్రింగ్ వాళ్లు, రంగులు వేసేవాళ్లు మన బస్తీల్లోనే ఉన్నారు. ఈ నగరంలో వేరేవాళ్ల ఇళ్లన్నీ కట్టింది వాళ్లే. ఆ పని చేతకానివాళ్లు పిల్లల్ని చూసుకోవచ్చు, లెక్కలు రాయవచ్చు, వంట చేయవచ్చు. గంటకు గంటే లెక్క. మేస్త్రీ గంట ఎక్కువ, వంట గంట తక్కువ అనే లెక్క మన దగ్గర వద్దు.

ఇంకో తమ్ముడు అడిగాడు, కాగితం ఎవరి పేరు మీదని. నేల సంఘం పేర. ఇంటి వాటా పత్రం ఇంటి ఆడమనిషి పేర. మా అమ్మ ఇటుకలు మోసింది, కానీ అమ్మకం రోజు ఆమె సంతకం ఎవరూ అడగలేదు.

టైమ్ అయిపోతోంది. ఇప్పుడు ఒక రిజిస్టర్ మీ దగ్గరికి వస్తుంది. అందులో మూడే అడిగాను. ఇప్పుడు నెలకు ఎంత కిరాయి కడుతున్నారు, ఏ ప్రాంతంలో పని చేస్తున్నారు, ఏ నంబర్ బస్సులో వెళ్తున్నారు. ఉద్యోగస్తులు కూడా రాయాలి. ఆ బస్సుల రూట్లు మ్యాప్ మీద గీసి, వాటి దగ్గర్లో ఉన్న ప్రభుత్వ స్థలాలు ఏమిటో వచ్చే నెల మొదటి ఆదివారానికి నేను తెస్తాను. రాయడం రాని అక్కలు పక్కవాళ్లకు చెప్పి రాయించండి. పెన్ను లేనివాళ్లు చేయెత్తండి, పిల్లలు తెచ్చిస్తారు.